హార్మోనియానికి శ్రుతి చేయించిన పాపం

మా వదిన నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదుల కౌంటరు దగ్గర ఇరవై ఆరేళ్ళు పనిచేసింది. పదింటికి కుర్చీలో కూర్చోవడం, జనం చేత తిట్లు తినడం, అయిదింటికి లేవడం. కొళాయిలో నీళ్ళు రాకపోతే మనిషికి ఎంత కోపం వస్తుందో, ఆ కోపం ఎదురుగా కనిపించిన మొదటి మొహం మీద ఎలా పడుతుందో ఆవిడకి తెలిసినంతగా మరొకరికి తెలియదు. "నా మొహమే కొళాయి అనుకుంటారయ్యా, గట్టిగా తిప్పితే నీళ్ళొస్తాయని" అనేది.

ఆవిడ మా ఇంటికి వచ్చేనాటికి నేను నూనూగు మీసాలవాణ్ణి. మా అన్నయ్య మాట్లాడితే నోట్లో ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుండే మనిషి. అందుచేత వదిన మాటలు వినే ఉద్యోగం నాకు పడింది. ఇప్పుడు నాకు యాభై దాటాయి. ఆ ఉద్యోగానికి రిటైర్మెంటు లేదు.

వదిన చిన్నప్పుడు వాళ్ళ మేనమామ దగ్గర వేణువు నేర్చుకుంది. పెళ్ళయ్యాక, ఉద్యోగంలో చేరాక, అది అలమారులో పై అరలోకి వెళ్ళిపోయింది. మళ్ళీ కిందికి దిగడానికి కారణం ఆఫీసు మేడ మీదున్న గది. పాడైపోయిన నీళ్ళ మీటర్లు గుట్టలుగా పోసిన గది అది. ఒకరోజు లెక్క చూడటానికి పైకి వెళ్తే ఆ గుట్టల వెనక ఒక హార్మోనియం కనిపించింది. ఎప్పుడో ఉద్యోగుల క్లబ్బు ఉన్న రోజుల్లో కొన్నదట. క్లబ్బు పోయింది, పెట్టె మిగిలింది. వదిన దాని దుమ్ము దులిపి, పై అధికారిని వారం రోజులు కాల్చుకు తిని, ఆదివారం పూట ఆ గది వాడుకోవడానికి అనుమతి సంపాదించింది.

ఇక శిష్యులు కావాలి. వాళ్ళ కోసం ఆవిడ ఎక్కడికీ వెళ్ళలేదు. వాళ్ళే రోజూ వరసగా వచ్చి కౌంటరు ముందు నిలబడేవారు. ఫిర్యాదు రాసుకుని, సంతకం పెట్టించుకుని, కళ్ళజోడు పైకెత్తి ఆవిడ ఒక ప్రశ్న వేసేది. ఆ ప్రశ్న ఆఫీసు ఫారంలో ఎక్కడా లేదు.

"ఆదివారం పొద్దున మీకేమన్నా పనుందా?"

అవతలి మనిషి, పైపు బాగుచెయ్యడానికి ఎవరో వస్తారు కాబోలనుకుని, "లేదండీ, ఇంట్లోనే ఉంటా" అనేవాడు.

"అయితే పదింటికి ఇక్కడికే రండి. పై గదిలో ఫ్లూటు నేర్పుతాను."

సగం మంది అక్కడికక్కడే రెండో ఫిర్యాదు రాసి పోయేవారు, ఈవిడ మీద. మిగిలిన సగంలో ఎవరో ఒకరు, తిట్టడానికి మాటలు దొరక్కో, ఇంట్లో తోచకో, ఆదివారం మెట్లెక్కి వచ్చేవారు. అలా తొమ్మిదేళ్ళలో ఇరవై ఇద్దరు పోగయ్యారు. పిల్లల చేత కవాతు చేయించి రిటైరైన డ్రిల్లు మాస్టారు, రాత్రి డ్యూటీ దిగి తిన్నగా వచ్చేసే నర్సు, ఇంకా ఎవరెవరో. ఒకావిడ మాత్రం మా భాష ఒక్క ముక్క రాకుండా ఈ ఊరు వచ్చింది. ఆవిడ ఖాళీ బకెట్టు తెచ్చి కౌంటరు మీద బోర్లించింది. వదిన "అర్థమైంది" అని ఫారం నింపింది. ఆదివారం సంగతి కూడా సైగలతోనే చెప్పింది. ఒకటి, రెండు, మూడు అంటూ వేణువు మీద వేళ్ళకి పెట్టుకున్న అంకెలే ఆవిడ మా భాషలో నేర్చిన మొదటి మాటలు. ఇప్పుడావిడ కూరల దుకాణంలో ఎంత ధాటిగా బేరమాడుతుందంటే, అంకెల దగ్గరే ఆపించి ఉండాల్సిందని దుకాణంవాడు అంటాడు.

వేణువులు కొనడానికి వీళ్ళలో చాలామందికి వీలయ్యేది కాదు. అందుకని వదినే చేసి ఇచ్చేది. గోడల్లో కరెంటు వైర్లు వేసే తెల్ల ప్లాస్టిక్ పైపు ముక్కలు కోసి, ఇనప చువ్వ కాల్చి, రంధ్రాలు వేసేది. మా అన్నయ్య భోజనానికి కూర్చుంటే స్టవ్వు మీద కూరకి బదులు చువ్వ ఎర్రగా కాలుతుండేది. ఆయన ఏమీ అనేవాడు కాదు. ఒక్కసారి మాత్రం "ఇది ఎప్పటికి ఉడుకుతుంది?" అన్నాడు. అది మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ హార్మోనియం శ్రుతిలో లేదు. లోపల గాలికి పలికే ఇత్తడి రీడ్లు ఏళ్ళ తరబడి జారి, ఏ మెట్టూ ఉండాల్సిన చోట పలకదు. ఒకటి చిటికెడు కింద, ఇంకొకటి గుప్పెడు కింద. వదిన చెవి కత్తిలాంటిది, మొదటిరోజే ఆ సంగతి పట్టేసింది. కానీ సరిచేయించుకునే తీరిక దొరికేలోపు ముగ్గురికి వేణువులు చేసి ఇచ్చింది, అవి ఆ పెట్టెని చూసుకుని చేసినవి. వాళ్ళు వాటికి అలవాటు పడ్డారు. ఇక నాలుగోది వాటిని చూసి, అయిదోది నాలుగోదాన్ని చూసి. చివరికి ఇరవై రెండు వేణువులూ ఆ పెట్టె తప్పుల్ని రంధ్రం రంధ్రానా మోస్తూ తయారయ్యాయి. అన్నీ ఒకేలా తప్పడంతో కలిసి ఊదితే ఎంతో ఒద్దికగా ఉండేది. శిష్యులకి మాత్రం ఒకటే చెప్పేది: "పెట్టె మారదు. మారగలిగినవాళ్ళం మనమే. మీకు తేడాగా వినపడితే మీరు సర్దుకోండి."

నాకీ సంగతి అప్పట్లో తెలియదు. తెలిసుంటే నేనింత రాయవలసి వచ్చేది కాదు.

మా బృందంలో నాకు బాగా ఇష్టమైన మనిషి జేబుగారు. ఆయన ప్రింటింగ్ ప్రెస్సులో కాగితాలు కోసే మిషను దగ్గర పనిచేస్తారు. ఆ మిషనే ఒకనాడు ఆయన కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు తీసుకుంది. ఆనాటి నుంచి ఆ చెయ్యి ప్యాంటు జేబులోనే ఉండేది. తినేటప్పుడు, పనిచేసేటప్పుడు తప్ప బయటికి రాదు. జేబుగారు అనే పేరు పెట్టింది నేనే. ఆయన ఎదుట ఎవరూ అనేవారు కాదు.

ఆయన కూడా నీళ్ళు రావడం లేదనే వచ్చారు. ఎడమచేత్తో పెట్టిన సంతకం గాలికి ఒరిగిన కంచెలా ఉంది. వదిన అలవాటుగా ఆదివారం ప్రశ్న వేసింది.

"నాకు కుదరదండి. పైగా..." అని ఆగిపోయారు. చెయ్యి జేబులో ఇంకా లోపలికి పోయింది.

"చెయ్యి చూపించండి" అంది వదిన, డాక్టరు నాలుక చూపించమన్నట్టు.

ఆయన వెనకున్న వరస వైపు చూశారు. వదిన సొరుగులోంచి "భోజన విరామం" అన్న అట్ట తీసి కౌంటరు మీద నిలబెట్టింది. అప్పుడు పదకొండున్నర. వరసలో వాళ్ళు గొణుక్కుంటూ బెంచీల మీదికి పోయారు. ఆవిడ ఆ చేతిని ఫిర్యాదు ఫారం వెనక బోర్లించి, పెన్సిలుతో చుట్టూ గీత గీసి, ఆఫీసు స్కేలుతో కొలతలు రాసుకుంది. ఇంటికొచ్చి పదకొండు పైపులు పాడుచేసింది. పన్నెండోది కుదిరింది. దానికి ఒక రంధ్రం అడుగున ఉంటుంది, బొటనవేలి కోసం. ఆఖరి రెండూ ఏటవాలుగా పక్కకి ఉంటాయి, ఉంగరం వేలు, చిటికెన వేలు ఎక్కడ వాలితే అక్కడ. అది ప్రపంచంలో ఇంకెవరికీ పనికిరాదు.

నాలుగేళ్ళు ఆయన ఆ గదిలో, మీటర్ల మధ్య, మా ముందు మాత్రమే ఊదారు. మెట్లు దిగేసరికి చెయ్యి జేబులో ఉండేది.

ఇంతలో ఆయన పనిచేసే ప్రెస్సుకి యాభై ఏళ్ళు నిండాయి. యజమాని మా బృందం చేత కచేరీ పెట్టించాలనుకున్నాడు. వదిన ఒప్పుకుంది. జేబుగారు ఒప్పుకోలేదు.

"ఇంకెక్కడైనా వస్తాను టీచరుగారూ. అక్కడొద్దు. వాళ్ళందరూ ఆరోజు చూశారండి."

"ఆరోజు చూసినవాళ్ళు ఈరోజు కూడా చూడొద్దూ? మీరే మొదలుపెట్టాలి. పాటలో మొదటి మూడు వరసలు ఒక్కరే. తర్వాత మేమందరం కలుస్తాం."

ఈ సంభాషణ మూడు వారాలు నడిచింది. నాలుగో వారం ఆయన, "సరేనండి. కానీ తేడా వస్తే ఇంక నన్ను పిలవొద్దు. ఈ గొట్టం కూడా మీకే ఇచ్చేస్తాను" అన్నారు. వదిన తలూపింది. ఆయన హాస్యానికి అనలేదని మా అందరికీ తెలుసు.

సరిగ్గా ఈ సమయంలో నాకు మంచి పని చెయ్యాలనే బుద్ధి పుట్టింది. మా ఆఫీసులో సంగీతం తెలిసిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. గొప్పకి పోయి ఆయన్ని ఒక ఆదివారం సాధనకి తీసుకెళ్ళాను. ఆయన అంతా విని, మెట్లు దిగుతూ నా భుజం మీద చెయ్యి వేసి, "మీ వదినగారు బాగా నేర్పుతున్నారు. ఆ పెట్టె మాత్రం శ్రుతి చేయించండి. నలుగురిలో నవ్వుతారు" అన్నాడు. నా తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళూ ఎవరో ఒకరు నవ్వుకుంటూనే ఉన్నారన్నమాట.

కచేరీ ఆదివారం. ఆ ముందు సోమవారం నుంచి గురువారం దాకా వదిన, అన్నయ్య ఊళ్ళో లేరు, వదిన చెల్లెలి ఇంటికి వెళ్ళారు. గది తాళంచెవి నా దగ్గర ఉంది. ఆవిడ వచ్చేసరికి పెట్టెని బాగుచేయించి కళ్ళ ముందుంచాలనుకున్నాను. ఆటోలో ఎక్కించుకుని పెట్టెల మేస్త్రి కొట్టుకి తీసుకెళ్ళాను.

మేస్త్రి కొట్టు నిండా విప్పేసిన హార్మోనియాలు. ఆయన రెండు చెవుల్లోనూ దూది. రోడ్డు మీద హారన్లు ఒక్కటీ శ్రుతిలో ఉండవని పెట్టుకుంటాడట. దూది తీసి, ఒక మెట్టు నొక్కి, అన్నంలో రాయి తగిలినట్టు మొహం పెట్టాడు.

"ఎవరు వాయిస్తారు దీన్ని?"

"మా వదినండి."

"ఆవిడకి చెవి ఎలాంటిది?"

"చాలా మంచిదండి."

"అయితే ఓపిక ఇంకా మంచిది" అన్నాడు. "గాలి తిత్తి ఒక్కటే అతకమంటారా, శ్రుతి కూడా చెయ్యమంటారా?"

"మొత్తం చేసెయ్యండి" అన్నాను, పెళ్ళికి భోజనాలు పురమాయించినంత ధీమాగా.

గురువారం మధ్యాహ్నానికి పెట్టె గదిలోకి వచ్చేసింది. సాయంత్రం ఆఖరి సాధన, దానికి వదిన ముందే విడిగా అనుమతి తెచ్చుకుంది. వదిన బస్సు ఆలస్యమైంది. డ్రిల్లు మాస్టారు చేతి గడియారం చూసుకుని, "టీచరుగారు వచ్చేలోపు ఒకసారి కానిద్దాం. వన్, టూ" అన్నారు. నర్సు పెట్టె ముందు కూర్చుంది. జేబుగారు చెయ్యి తీసి మొదలుపెట్టారు.

మొదటి స్వరానికే ఏదో జరిగింది. పెట్టె ఒక మాట అంటోంది, గొట్టం ఇంకొక మాట అంటోంది, ఇద్దరూ ఒకే ఇంట్లో మాట్లాడుకోని తోడికోడళ్ళలా. ఆయన ఆగి, పెదవులు తుడుచుకుని, మళ్ళీ ఊదారు. మళ్ళీ అంతే. అందరూ కలిశాక ఇంకా ఘోరం. చిత్రమేమిటంటే ఒక్కరూ పెట్టెని అనుమానించలేదు. బకెట్టమ్మ తన వేళ్ళు చూసుకుంటోంది. డ్రిల్లు మాస్టారు "నేను వేగం పెంచానేమో" అన్నారు. నర్సు నిద్రలేక తన చేతులు తప్పుతున్నాయంది. ఇరవై ఇద్దరూ తప్పు తమదేనని తలవంచుకున్నారు. తొమ్మిదేళ్ళు నేర్చుకున్న పాఠం అది. పెట్టె మారదు కదా.

నాకు అర్థం కావడానికి అయిదు నిమిషాలు పట్టింది. అర్థమయ్యాక తేలు కుట్టిన దొంగలా కిటికీ పక్కన నిలబడ్డాను. ఇప్పుడు చెప్పనా, వదిన వచ్చాక చెప్పనా, అసలు చెప్పకపోతే ఏమవుతుంది అని నేను లెక్కలు వేస్తుండగా, జేబుగారు మూడోసారి ఊది ఆపేశారు. గొట్టాన్ని బల్ల మీద పెట్టారు. చెయ్యి జేబులోకి వెళ్ళింది.

"నావల్ల మీ అందరికీ ఇబ్బంది. టీచరుగారికి చెప్పండి" అని మెట్లు దిగి వెళ్ళిపోయారు. నేను నోరు తెరిచేసరికి కింద గేటు చప్పుడు వినిపించింది.

పావుగంటకి వదిన వచ్చింది. అందరి మొహాలూ చూసి, పెట్టె దగ్గరికి వెళ్ళి ఒక్క మెట్టు నొక్కింది. తర్వాత ఇంకొకటి. తర్వాత నా వైపు తిరిగింది.

"నువ్వేనా?"

"నేనే వదినా. నీకు చెప్పకుండా, సంతోషపెడదామని..."

ఆవిడ కూర్చుని ఒకసారి కింది నుంచి పై దాకా అన్ని మెట్లూ వాయించింది. నెమ్మదిగా, కళ్ళు మూసుకుని. "బాగా చేశాడయ్యా మేస్త్రి" అంది. "తొమ్మిదేళ్ళకి నా చెవికి సుఖంగా ఉంది. ఏం చేసుకోను?"

అప్పుడు వేణువుల సంగతంతా చెప్పింది. నేను వింటూ అడుసు తొక్కిన కాలు ఎక్కడ కడుక్కోవాలా అని చూస్తున్నాను.

"కొత్త గొట్టాలు చేసేద్దాం వదినా. రెండు రోజులున్నాయి."

"ఇరవై ఒకటి చెయ్యగలనేమో. ఆయనది చెయ్యలేను. పదకొండు పాడైతే గాని అది రాలేదు." బల్ల మీదున్న గొట్టం తీసి నా చేతిలో పెట్టింది. "పొద్దున్నే నువ్వెళ్ళి చెప్పు. నేనొస్తే ఓదార్చడానికి వచ్చాననుకుంటాడు. తప్పు చేసినవాడివి నువ్వు, నిన్నయితే నమ్ముతాడు."

నమ్మలేదు. మర్నాడు నేను వెళ్ళేసరికి ఆయన దుప్పటి కప్పుకుని పడుకున్నారు. జ్వరమట. నేను మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆయన గోడ వైపు తిరిగే విన్నారు.

"టీచరుగారు మంచి మనిషి. ఇలా చెప్పమని పంపించారు."

"కాదండీ, పెట్టెదే తప్పు. అంటే, ఇప్పుడు అది ఒప్పు. అందుకే తప్పు."

"చూశారా, మీకే కుదరడం లేదు చెప్పడం."

ఆయన భార్య గుమ్మంలో నిలబడి వింటోంది. "అక్కడ మేస్త్రి ఉన్నాడంటున్నారుగా. వెళ్ళి అడిగితే తేలిపోయేదానికి ఇద్దరు మగాళ్ళు పొద్దుటి నుంచీ ఇంత చర్చేమిటి? లేవండి, ఆ జ్వరం నేను చూసుకుంటాను" అని దుప్పటి లాగేసింది.

పెట్టెనీ, జేబుగారినీ ఆటోలో ఎక్కించుకుని మళ్ళీ మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. సంగతి విన్నాక మేస్త్రి దూది మళ్ళీ చెవుల్లో పెట్టేసుకున్నాడు.

"ముప్పై ఏళ్ళుగా తప్పులు దిద్దుతున్నాను. తప్పు పెట్టమని అడగడానికి వచ్చిన మొదటివాళ్ళు మీరే. వెళ్ళండి."

"ముందు ఎలా ఉందో అలా పెడితే చాలండి" అన్నాను, గట్టిగా, దూదిలోంచి వినపడేటట్టు.

"ముందు ఎలా ఉందో నేనేమన్నా రాసి పెట్టుకున్నానా? ఒప్పు ఒక్కచోటే ఉంటుంది, కళ్ళు మూసుకుని పోతాను. తప్పులు లక్ష. అందులో మీ తప్పు ఏదని వెతకను?"

జేబుగారు ముందుకి జరిగారు. ఎడమచేత్తో గొట్టం తీసి బల్ల మీద పెట్టారు. మేస్త్రి దాన్ని ఎత్తి, వెలుతురుకి అడ్డంగా పెట్టి, ఒక కంటితో లోపలికి చూశాడు. రంధ్రాల అంచులు గోటితో తడిమాడు.

"ఇది ఎవరు చేశారు?"

"టీచరుగారు."

"లోపలి అంచు కూడా గీసి నునుపు చేసింది. ఈ పని ఎవరూ చెయ్యరు, బయటికి కనపడదు కదా." తిప్పి చూశాడు. "ఈ రంధ్రం అడుగున ఎందుకుంది? ఇవి పక్కకి పోయాయేం?"

జవాబుగా జేబుగారు చెయ్యి తీశారు. మేస్త్రి చేతిని చూసి, గొట్టాన్ని చూసి, "ఆఁ, అదీ" అన్నాడు. లెక్క కుదిరినవాడు అన్నట్టే తప్ప ఇంకే ధోరణీ లేదు. దూది తీసేశాడు. "ఊదండి."

ఆయన ఊదారు. మేస్త్రి అదే మెట్టు పెట్టె మీద నొక్కాడు. రెండూ ఒరుసుకున్నాయి. మళ్ళీ ఊదమన్నాడు. మళ్ళీ నొక్కాడు. నిట్టూర్చి, పెట్టె పైచెక్క విప్పాడు. "గొట్టం నిజమే చెబుతోంది. పెట్టెదే తేడా, ఇవాళ్టి మట్టుకు" అన్నాడు.

ఆ మాటకి జేబుగారు నా వైపు చూశారు. జ్వరం దిగిన మొహం ఎలా ఉంటుందో నేను అప్పుడు చూశాను.

రీడుని కొస దగ్గర గీకితే స్వరం పైకి వెళ్తుందట, మొదలు దగ్గర గీకితే కిందికి దిగుతుందట. మా గొట్టాలు పలికే మెట్లు పద్నాలుగు, ఒక్కోదానికి రెండేసి రీడ్లు. ఇరవై ఎనిమిది రీడ్లనీ ఒక్కొక్కటే వెంట్రుకవాసి గీకుతూ దించాలి. జేబుగారు ఊదాలి, మేస్త్రి గీకాలి, నేను తిత్తి కొట్టాలి. నాకది శిక్ష అని ఎవరూ అనలేదు గాని, మధ్యలో చెయ్యి మార్చుకోబోతే మేస్త్రి కళ్ళెర్రజేసేవాడు.

శుక్రవారం అంతా మేస్త్రి చెప్పినప్పుడల్లా జేబుగారు ఊదారు. శనివారం పొద్దుటికి ఆయనే చెప్పడం మొదలుపెట్టారు.

"ఇంకా దించండి."

"దించాను."

"దించలేదు."

"నాకు చెప్తారా శ్రుతి గురించి?"

"ఒప్పు గురించైతే మీరు చెప్పండి, వింటాను. ఈ తప్పు నాది. నాలుగేళ్ళు ఊదాను దీన్ని."

మేస్త్రి గొణుగుతూ ఇంకొక్కసారి గీకాడు. నొక్కాడు. గొట్టమూ పెట్టే ఒకటే గొంతుతో పలికాయి. మేస్త్రి తర్వాతి రీడు తీశాడు. మధ్యాహ్నానికి ఇద్దరూ వియ్యంకుల్లా వాదులాడుకుంటున్నారు. జేబుగారు ఆ చేత్తోనే రీడ్లు చూపిస్తున్నారు, ఆ చేత్తోనే టీ గ్లాసు పట్టుకున్నారు. జేబు సంగతి మర్చిపోయారు. నేను గుర్తుచెయ్యదలచుకోలేదు.

టీ తాగుతూ నాతో, "మీరు నాకు జేబుగారని పేరు పెట్టారట కదా" అన్నారు.

టీ నా ముక్కులోకి పోయింది.

"ఫరవాలేదు లెండి. మా ఆవిడకి చెప్తే పడీపడీ నవ్వింది. చాలా రోజులకి నవ్వింది."

నేను తలెత్తలేక తిత్తి కొట్టుకుంటూ కూర్చున్నాను. టీ ఇంకా అవలేదు, కొట్టక్కరలేదని మేస్త్రి అన్నాక గాని ఆపలేదు.

ఆదివారం ప్రెస్సు ఆవరణలో మిషన్లన్నీ ఆపేశారు. సిరా వాసన. కుర్చీలు చాలక కాగితం కట్టల మీద జనం కూర్చున్నారు. ముందు వరసలో కటింగ్ విభాగం వాళ్ళు నలుగురు. వెనక స్తంభాన్ని ఆనుకుని మేస్త్రి, చెవుల్లో దూదితో. వదిన పెట్టె ముందు కూర్చుని ఒక మెట్టు నొక్కింది. నా వైపు చూసి కళ్ళజోడు సర్దుకుంది. ఇరవై ఆరేళ్ళు తిట్లు విన్న మనిషి కదా, తిట్టకుండా వదిలిపెట్టడం ఎలాగో బాగా తెలుసు.

జేబుగారు లేచి ముందుకి వచ్చారు. ముందు వరసలో ఒకతను తల వంచేసుకున్నాడు. ఆరోజు పరిగెత్తుకెళ్ళి మిషను స్విచ్చి ఆపింది అతనేనని తర్వాత తెలిసింది. జేబుగారి చెయ్యి బయటికి వచ్చింది. గొట్టం మీద మూడు వేళ్ళు వాటి చోట్లలో అవి కూర్చున్నాయి. మొదటిసారి గాలి తప్ప ఏమీ రాలేదు. ఆయన కంగారు పడలేదు. మేస్త్రి కొట్టులో రెండు రోజులు చేసినట్టే పెదవులు తుడుచుకుని, మళ్ళీ ఊదారు.

స్వరం పలికింది. మొదటి వరస, రెండో వరస, మూడో వరస. పెట్టె ఆయన వెంట, ఆయన చెప్పినచోట అడుగేస్తూ నడిచింది. తలవంచుకున్నతను తలెత్తి చూస్తున్నాడు. తర్వాత డ్రిల్లు మాస్టారు కాలు తాటించారు, మిగిలిన ఇరవై ఒక్క గొట్టాలూ ఒక్కసారిగా కలిశాయి. నేను వెనక్కి తిరిగి చూస్తే మేస్త్రి చేతిలో దూది ఉంది. పక్కవాళ్ళతో మాత్రం, "ఈ శ్రుతి నా పనితనం అనుకునేరు, నా చేత బలవంతాన చేయించారు" అని చెప్పుకుంటున్నాడు.

అంతా అయ్యాక కటింగ్ విభాగం నలుగురూ జేబుగారి చుట్టూ చేరారు. గొట్టం చూస్తాం ఇమ్మన్నారు. తలవంచుకున్నతను దాన్ని పట్టుకుని, రంధ్రాలు మూయడానికి నానా అవస్థా పడ్డాడు.

"ఇదేంటన్నా, రంధ్రాలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి."

"సరిగ్గానే ఉన్నాయిరా. నీకే రెండు వేళ్ళు ఎక్కువున్నాయి, అడ్డమొస్తున్నాయి."

ముందుగా ఆయన భార్య నవ్వింది. ఆ తర్వాత నలుగురూ. ఆరోజు స్విచ్చి ఆపిన ఆ మనిషి నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, చూపుడువేలూ మధ్యవేలూ అరచేతిలోకి ముడిచి, మళ్ళీ గొట్టం ఎత్తాడు. జేబుగారు తన కుడిచేత్తో అతని మణికట్టు పట్టుకుని, బొటనవేలిని అడుగు రంధ్రం మీదికి జరిపారు.

అతను బుగ్గలు పొంగించి ఊదాడు. ఉత్త గాలి వచ్చింది.

"మొదటి నెలంతా నాకూ గాలే వచ్చింది" అన్నారు జేబుగారు. "పెదవులు అంత బిగించకు. మళ్ళీ ఊదు."